ఎఫ్‌ఐఆర్ రాసేదెవరు? పాకిస్థాన్ పోలీసు శాఖలో మహిళల స్థానం

సంక్షిప్తంగా: పాకిస్థాన్ పోలీసు బలగాల్లో మహిళలు సుమారు 3 శాతం మాత్రమే. 1994 నుంచి మహిళా ఠాణాలు, 2016 నుంచి కొత్త చట్టాలు, 2024 నుంచి ఫోన్ ద్వారా ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు వచ్చాయి. అయినా కేసు నమోదు, దర్యాప్తు, ఠాణా బాధ్యత ఎక్కువగా పురుషుల చేతిలోనే ఉన్నాయి. మహిళలు ఠాణాకు వెళ్లకపోవడానికీ, పోలీసు ఉద్యోగంలో చేరకపోవడానికీ మూలకారణాలు చాలావరకు ఒకటే. సంఖ్య ఎంత పెరిగిందన్న దానితో పాటు ఆ సంఖ్యకు ఏ అధికారం దక్కిందన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2024 ఫిబ్రవరి 25న లాహోర్‌లోని ఇఛ్రా బజారులో, భర్తతో కలిసి హోటలుకు వచ్చిన ఒక మహిళను జనం చుట్టుముట్టారు. ఆమె వేసుకున్న కుర్తా మీద అరబ్బీ అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి. అవి ఖురాన్ వాక్యాలని ఎవరో అన్నారు. నిజమో కాదో చూసేవారు లేకుండానే గుంపు పెరిగిపోయింది. ఆ బట్ట మీద ఉన్నది ‘హల్వా’ అనే అరబ్బీ మాట. అందమైనది, తీయనిది అని దాని అర్థం. దైవదూషణ చేశారన్న పుకారు మీద మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఆ దేశంలో చాలా ఉన్నాయి కనుక, ఆ హోటల్లో మూల కూర్చుని చేతులతో ముఖం కప్పుకున్న మహిళ భయం ఊహించలేనిది కాదు. అప్పుడు గుల్బర్గ్ ఏఎస్పీగా ఉన్న సయ్యదా షహర్‌బానో నఖ్వీ హోటలు ముందు నిలబడి గుంపుకు నచ్చజెప్పారు. తర్వాత ఆ మహిళకు నల్లటి వస్త్రం కప్పి, దగ్గరకు పొదువుకుని, కేకల మధ్య నుంచి బయటకు నడిపించుకు వెళ్లారు. బట్ట మీద ఖురాన్ వాక్యాలేవీ లేవని మతపెద్దలే ఆ తర్వాత చెప్పారు. పంజాబ్ పోలీసు శాఖ ఆ అధికారిణి పేరును ఖాయిద్-ఏ-ఆజమ్ పోలీసు పతకానికి సిఫారసు చేసింది.

ఆ ఘటన వీడియోను సరిహద్దులు దాటి చాలామంది చూశారు. అంతకు ముందు, 2018 నవంబరు 23న కరాచీలోని చైనా కాన్సులేట్ మీద సాయుధులు దాడి చేసినప్పుడు పోలీసు బలగాలను ముందుండి నడిపించిన సుహాయ్ అజీజ్ తాల్పూర్ పేరు కూడా ఇలాగే మారుమోగింది. పల్లె నుంచి వచ్చిన ఆమెను తల్లిదండ్రులు ప్రైవేటు స్కూల్లో చేర్చినందుకు బంధువులు చాలామంది తమతో మాటలు మానేశారని ఆమె తర్వాత చెప్పారు. ఇటువంటి దృశ్యాలు చూసినవారికి పాకిస్థాన్ పోలీసు శాఖలో మహిళలు బలంగానే ఉన్నారన్న అభిప్రాయం కలగడం సహజం. అదే దేశం ప్రపంచ ఆర్థిక వేదిక లింగ అంతరాల సూచీలో 2025లో 148 దేశాలకు గాను 148వ స్థానంలో ఉంది. ఈ రెండు విషయాలూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్న అయోమయం తీరాలంటే కాన్సులేటు గేటును, బజారు వీడియోను కాసేపు పక్కనబెట్టి, మామూలు రోజున మామూలు ఠాణాలో ఏం జరుగుతుందో చూడాలి.

ఠాణాలో బల్ల దగ్గర

పాకిస్థాన్ ఠాణా తెలుగు పాఠకులకు కొత్తదేమీ కాదు. 1861 పోలీసు చట్టం, 1898 నేర విచారణ స్మృతి దేశ విభజన నాటికి రెండు వైపులా ఉన్నవే. ఎస్‌హెచ్‌ఓ (ఠాణా బాధ్యతాధికారి) అన్న హోదా, ఎఫ్‌ఐఆర్ అన్న పత్రం, లాకప్, రిమాండు అన్నీ ఒకే కుదురు నుంచి వచ్చాయి. మన స్టేషన్లలో రైటర్ చేసే పనిని అక్కడ ముహర్రిర్ చేస్తాడు. మన జనరల్ డైరీని అక్కడ రోజ్‌నామ్చా అంటారు. ఫిర్యాదుతో వచ్చిన మనిషికి ముందుగా ఎదురయ్యేది ఎస్పీ కాదు, ఆ ముహర్రిర్ బల్లే.

నేర విచారణ స్మృతి 154వ సెక్షన్ ప్రకారం, పోలీసులు స్వయంగా దర్యాప్తు చేయదగిన నేరం గురించి సమాచారం అందితే దాన్ని రాసుకోక తప్పదు. చట్టం అంత స్పష్టంగా ఉన్నా, వచ్చిన విషయం నేరమా లేక ‘ఇంటి గొడవా’ అన్నది ఆ బల్ల దగ్గరే తేలిపోతుంది. భర్త కొట్టాడని వచ్చిన మహిళను ఉట్టి దరఖాస్తు తీసుకుని పంపేయవచ్చు, అత్తింటివారిని పిలిపించి రాజీ చేయవచ్చు, లేదా ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చు. మొదటి రెండూ జరిగితే ఏ లెక్కలోనూ నేరం కనిపించదు. ఎఫ్‌ఐఆర్ నిరాకరిస్తే 22-ఏ సెక్షన్ కింద సెషన్స్ న్యాయమూర్తిని ఆశ్రయించే దారి ఉంది. అయితే వకీలును పెట్టుకునే స్తోమత, ఇంట్లోంచి కోర్టుకు వెళ్లే స్వేచ్ఛ ఉన్నవారికే ఆ దారి.

అసలు ఆ బల్ల దాకా వచ్చేవారే తక్కువ. 2017-18 జనాభా, ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వివాహిత మహిళల్లో 28 శాతం మంది, పదిహేనో ఏడు దాటాక ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింస అనుభవించామని చెప్పారు. హింసకు గురైనవారిలో 56 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. సాయం కోరినవారు ప్రధానంగా పుట్టింటివారినే ఆశ్రయించారు. పోలీసుల వంతు అతి స్వల్పం.

చట్టమే భయపెట్టిన కాలం

ఈ దూరానికి సంప్రదాయాన్ని మాత్రమే కారణంగా చూపడం సరికాదు. 1979లో జియా ఉల్ హక్ సైనిక ప్రభుత్వం ఇస్లామిక్ శిక్షల పేరిట తెచ్చిన హుదూద్ ఆర్డినెన్సులు మహిళలు ఠాణా గడప తొక్కడాన్నే ప్రమాదంగా మార్చాయి. వివాహేతర సంబంధం, అత్యాచారం ఒకే ఆర్డినెన్సు కిందికి వచ్చాయి. అత్యాచారానికి గరిష్ఠ ‘హద్’ శిక్ష పడాలంటే నలుగురు వయోజన ముస్లిం పురుషులు ప్రత్యక్ష సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం నిలవకపోతే, ఫిర్యాదు చేసిన మహిళే సంబంధాన్ని ఒప్పుకున్నట్టు భావించి ఆమె మీదే కేసు పెట్టే వీలుండేది. 1983లో సాహివాల్‌లో దాదాపు చూపు లేని ఒక యువతి గర్భాన్నే సాక్ష్యంగా తీసుకుని కింది కోర్టు ఆమెకు జైలు, కొరడా దెబ్బలు విధించింది. నిందితులు మాత్రం విడుదలయ్యారు. దేశంలోనూ బయటా నిరసనలు వచ్చాక ఫెడరల్ షరియత్ కోర్టు ఆ శిక్షను కొట్టివేసింది.

ఆ తీర్పు ఒక్క యువతిని కాపాడింది గానీ, ఆర్డినెన్సు అలాగే ఉండిపోయింది. కూతురు తనకు నచ్చినవాడిని పెళ్లాడితే తండ్రి, విడాకులు తీసుకున్న భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే మాజీ భర్త వెళ్లి కేసు పెట్టే సాధనంగా అది పనికొచ్చింది. పోలీసులకు వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఉండటంతో, కేసు చివరికి వీగిపోయినా మహిళ ఏళ్ల తరబడి జైల్లో మగ్గేది. ఒక తరం స్త్రీల దృష్టిలో ఠాణా అంటే తమను బంధించే చోటు. ఆ జ్ఞాపకం చట్టం మారిన మర్నాడే చెరిగిపోదు.

మార్పు రెండు దశల్లో వచ్చింది. 1994 సవరణ మహిళలను పోలీసు కస్టడీకి ఇవ్వడం మీద గట్టి ఆంక్షలు పెట్టింది. హత్య, దోపిడీ వంటి కేసులను మినహాయిస్తే, నిందితురాలిని జైల్లోనే, మహిళా పోలీసు సమక్షంలో విచారించాలని చెప్పింది. 2006 మహిళా రక్షణ చట్టం అత్యాచారాన్ని తిరిగి శిక్షాస్మృతిలోకి తెచ్చింది. వివాహేతర సంబంధం ఫిర్యాదును పోలీసులకు కాక నేరుగా సెషన్స్ కోర్టుకే, సాక్షులతో సహా ఇవ్వాలన్న నిబంధన పెట్టింది. గమనించదగిన సంగతి ఏమిటంటే, మహిళలకు అత్యంత మేలు చేసిన ఈ సంస్కరణ పోలీసులకు కొత్త అధికారం ఇవ్వలేదు. ఉన్న అధికారాన్ని తీసేసింది.

మహిళా ఠాణా: ఆశ్రయమా, అడ్డుగోడా

1994 జనవరిలో ప్రధాని బేనజీర్ భుట్టో రావల్పిండిలో దేశంలోనే తొలి మహిళా పోలీసు ఠాణాను ప్రారంభించారు. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1973లో, కేరళలోని కోళిక్కోడ్‌లో ఇటువంటి ఠాణా మొదలైంది. 1985లో బ్రెజిల్, 1992లో తమిళనాడు ఇదే బాట పట్టాయి. కస్టడీలో మహిళల మీద అత్యాచారాల కథనాలు వెల్లువెత్తిన నాటి పాకిస్థాన్‌లో, మగ పోలీసు లేని ఠాణా అన్న ఆలోచనకు బలమైన కారణమే ఉంది.

చిక్కు దాని అమరికలో ఉంది. మామూలు ఠాణాకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులో జరిగిన నేరమంతా దాని బాధ్యతే. మహిళా ఠాణా నగరమంతటికీ ఒకటో రెండో ఉండటంతో, ఏ నేరం ఎవరిదన్న తగాదా మొదటి రోజే మొదలవుతుంది. మహిళా ఠాణాలకు కేసు నమోదు, దర్యాప్తు అధికారాలు సరిగ్గా లేవనీ, సిబ్బంది, వాహనాలు చాలడం లేదనీ మానవ హక్కుల సంస్థలు 1990ల చివర్లోనే ఎత్తి చూపాయి. ఆచరణలో వీటికి వచ్చిన పని, నిందితురాళ్లను అట్టిపెట్టుకోవడం, సోదాలకు మనిషిని పంపడం, కుటుంబ తగాదాల్లో కౌన్సెలింగ్ చేయడం. ఇక పక్క వీధిలోని ఠాణాలో ముహర్రిర్‌కు ఒక సాకు దొరికింది: ‘ఆడవాళ్ల సంగతి కదా, మహిళా ఠాణాకు వెళ్లండి.’ బస్సు చార్జీకే ఇంట్లో అడగాల్సిన మహిళకు ఆ మాట ఫిర్యాదును తిరస్కరించడంతో సమానం.

మహిళా పోలీసు ఉద్యోగం పుట్టిన తీరులోనే ఈ పరిమితి ఉంది. 1898 స్మృతి 52వ సెక్షన్ ప్రకారం మహిళను సోదా చేయాల్సి వస్తే మరో మహిళే, మర్యాదకు భంగం రాకుండా చేయాలి. అంటే మహిళా కానిస్టేబుల్ అవసరం మొదట ఏర్పడింది దర్యాప్తు కోసం కాదు. మగ పోలీసు ముట్టుకోకూడని చోట ముట్టుకోవడానికి, మహిళలు పాల్గొనే ఊరేగింపుల దగ్గర బందోబస్తుకు. రావల్పిండి ఠాణా వచ్చిన 20 ఏళ్లకు, 2014లో, కరాచీలోని క్లిఫ్టన్ మామూలు ఠాణాకు సయ్యదా గజాలా ఎస్‌హెచ్‌ఓ అయ్యారు. ఆ నగరంలో అంత ఆలస్యంగా తెరుచుకున్న ఈ తలుపు, ప్రత్యేక ఠాణాల సంఖ్య కంటే పెద్ద విషయం. ఆమె కింద పనిచేసిన మగ కానిస్టేబుళ్లు ఒక మహిళ ఆదేశంతో దొంగను పట్టుకున్నారు, గస్తీకి వెళ్లారు; వచ్చిన ఫిర్యాదు ఆడదైనా మగదైనా ఆమె బల్ల మీదకే వచ్చింది.

ఎఫ్‌ఐఆర్‌లో ఒక వాక్యం విలువ

రాసే చేయి ఎవరిదన్నది ఎందుకు ముఖ్యమో పరువు హత్యల చట్టంలో తేటగా కనిపిస్తుంది. 1990లో వచ్చిన ఖిసాస్, దియత్ నిబంధనల ప్రకారం హతుల వారసులు హంతకుణ్ని క్షమించవచ్చు, పరిహారం తీసుకుని వదిలేయవచ్చు. అన్న చెల్లెలిని చంపితే, క్షమించవలసిన వారసులు ఆ ఇద్దరి తల్లిదండ్రులే అవుతారు. 2016 జులైలో ముల్తాన్‌లో సోషల్ మీడియా తార ఖందీల్ బలోచ్‌ను సొంత తమ్ముడు చంపాక ఈ లోపం మీద దేశవ్యాప్తంగా చర్చ జరిగింది. ఆ ఏడాది అక్టోబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించి, పరువు పేరిట జరిగిన హత్యలో వారసులు క్షమించినా యావజ్జీవ శిక్ష తప్పదని నిర్దేశించింది.

మిగిలిపోయిన సందు ఇది: ఆ హత్య ‘పరువు పేరిట’ జరిగిందని రుజువు కావాలి. దర్యాప్తు అధికారి ఎఫ్‌ఐఆర్‌లో కారణాన్ని ఆస్తి తగాదా అనో క్షణికావేశం అనో రాసి, పరువు కోణాన్ని వదిలేస్తే కేసు మళ్లీ క్షమాపణ పరిధిలోకి జారుతుంది. సాక్షులందరూ ఇంటివారే కనుక మొదటి గంటల్లో రాసుకున్న వాంగ్మూలం, సేకరించిన ఫోను, దొరికిన దుస్తులు తప్ప తర్వాత నిలిచేది తక్కువ. ఖందీల్ కేసులోనే యావజ్జీవ శిక్ష పడిన తమ్ముణ్ని, తల్లిదండ్రుల క్షమాపణ తర్వాత, 2022 ఫిబ్రవరిలో లాహోర్ హైకోర్టు విడుదల చేసింది. పరదా పాటించే ఇళ్లలోకి వెళ్లి తల్లితో, వదినతో, పక్కింటి ఆడవాళ్లతో విడిగా మాట్లాడగలిగేది మహిళా దర్యాప్తు అధికారే. అటువంటివారు ఠాణాలో ఒక్కరూ లేకపోతే సగం సాక్ష్యం లోపలి గదిలోనే ఉండిపోతుంది.

అత్యాచార కేసుల్లోనూ ఇదే వరస. 2020 సెప్టెంబరులో లాహోర్-సియాల్‌కోట్ మోటర్‌వే మీద, పెట్రోలు అయిపోయి ఆగిన కారులో పిల్లలతో ఉన్న మహిళ మీద సామూహిక అత్యాచారం జరిగింది. అంత రాత్రి ఆ దారిన ఎందుకు బయలుదేరిందని, పెట్రోలు ఎందుకు చూసుకోలేదని లాహోర్ పోలీసు అధిపతి బహిరంగంగా ప్రశ్నించారు. నిరసనలు చెలరేగాక ఆయన క్షమాపణ చెప్పారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. నగర పోలీసు అధిపతే అలా ఆలోచిస్తే ముహర్రిర్ బల్ల దగ్గర ఫిర్యాదుదారుకు ఏ మాట వినపడుతుందో చెప్పనక్కరలేదు. 2021 జనవరిలో జస్టిస్ అయేషా మలిక్ లాహోర్ హైకోర్టు న్యాయమూర్తిగా, అత్యాచార బాధితులకు కన్యత్వం పేరిట చేసే రెండు వేళ్ల పరీక్షను చట్టవిరుద్ధమని ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన అత్యాచార నిరోధక చట్టం ప్రత్యేక కోర్టులను, ప్రత్యేక దర్యాప్తు విభాగాలను ఏర్పాటు చేయాలంది. ఆ విభాగాల్లో వీలైనచోట మహిళా అధికారి ఉండాలన్నది ఉద్దేశం. శిక్షణ పొందిన మహిళా ఎస్‌ఐలు చాలినంతమంది లేనిచోట ‘వీలైనచోట’ అన్న మాటకే పని ఎక్కువ.

చేరేది కొందరే, పైకి వచ్చేది ఇంకా కొందరే

ఫెడరల్ ఉద్యోగాల్లో మహిళలకు 10 శాతం కోటా ఉంది. రాష్ట్రాలకూ వాటి వాటి కోటాలున్నాయి. అయినా పోస్టులు నిండవు. 2023 జనగణనలో పురుషుల్లో అక్షరాస్యత 68 శాతం, స్త్రీలలో సుమారు 53 శాతం. చదువుకున్నవారిలోనూ పోలీసు ఉద్యోగమంటే రాత్రి డ్యూటీ, మగవారి మధ్య పని, పెళ్లి సంబంధాలకు ఇబ్బంది అన్న లెక్క ముందుకొస్తుంది. టీచరు ఉద్యోగానికి ఒప్పుకునే తండ్రి ఇక్కడ ఒప్పుకోడు. పరీక్ష నెగ్గి చేరిన యువతికి ఠాణాలో వేరే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, దూర ప్రాంతానికి బదిలీ అయితే వసతి, బిడ్డ పుడితే చూసే చోటు ఉండవు. గర్భిణి అయిన కానిస్టేబుల్‌ను రాతపనికో రిసెప్షన్‌కో మార్చడం దయగానే కనిపిస్తుంది. అలా మారిన మనిషి మళ్లీ దర్యాప్తుకు తిరిగి రావడం మాత్రం అరుదు.

పదోన్నతి మెట్లు ఇక్కడే అడ్డుపడతాయి. 1934 పంజాబ్ పోలీసు నిబంధనలు కానిస్టేబుల్ నుంచి ఇన్‌స్పెక్టర్ దాకా ఏ నుంచి ఎఫ్ వరకు జాబితాలు పెట్టాయి. ఒక్కో జాబితాలోకి ఎక్కాలంటే పరీక్షలు, శిక్షణ కోర్సులు, క్షేత్ర అనుభవం కావాలి. ఠాణాలో కేసులు ఇవ్వని మనిషికి అనుభవం రాదు; అనుభవం లేదని కేసులు ఇవ్వరు. సెంట్రల్ సుపీరియర్ సర్వీసెస్ పరీక్ష నెగ్గి నేరుగా ఏఎస్పీగా వచ్చే మహిళలు ఈ మెట్లు ఎక్కనవసరం లేదు. నఖ్వీ, తాల్పూర్ ఆ దారిన వచ్చినవారే. పైన మెరిసే కొందరు అధికారిణులు, కింద సోదా డ్యూటీలో వేల మంది కానిస్టేబుళ్లు, మధ్యలో దర్యాప్తు చేయాల్సిన ఎస్‌ఐ, ఇన్‌స్పెక్టర్ హోదాల్లో ఖాళీ. పాకిస్థాన్ మహిళా పోలీసు నిర్మాణంలో ప్రధాన లోపం ఈ నడుమ భాగమే.

పొరుగున ఏం జరిగింది

బంగ్లాదేశ్ 1974లో 14 మంది మహిళలతో మొదలుపెట్టి ఇప్పుడు సుమారు 8 శాతానికి చేరింది. 2010లో పూర్తిగా మహిళలతో కూడిన పోలీసు దళాన్ని ఐక్యరాజ్యసమితి విధుల మీద హైతీకి పంపింది. అక్కడ వస్త్ర పరిశ్రమ లక్షల మంది యువతులను ముందే ఇంటి బయట ఉద్యోగానికి అలవాటు చేసింది. యూనిఫాం అంతగా వింత కాలేదు. పాకిస్థాన్‌లో అటువంటి భూమిక లేదు. భారత్‌లో మూడో వంతు మహిళలుండాలని కేంద్రం 2009 నుంచీ చెబుతూ వచ్చినా జాతీయ సగటు 12 శాతం చుట్టూనే ఉంది. అంటే ఈ సమస్యను ఒక మతానికో ఒక దేశానికో కట్టేయడం పొరపాటు.

అధికారం చేతికిస్తే ఏం మారుతుందో మధ్యప్రదేశ్‌లో 180 ఠాణాల్లో జరిగిన ప్రయోగం చూపింది. దాని ఫలితాలు 2022లో వెలువడ్డాయి. కొన్ని ఠాణాల్లో మహిళా సహాయ డెస్కు పెట్టారు, మరికొన్నిటిలో ఆ డెస్కును మహిళా సిబ్బందికే అప్పగించారు, మిగిలినవి మామూలుగా ఉంచారు. డెస్కు ఉన్నచోట గృహహింస నివేదికలు పెరిగాయి. ఎఫ్‌ఐఆర్‌ల పెరుగుదల ప్రధానంగా మహిళా సిబ్బంది నడిపిన చోటే కనిపించింది. ఆ డెస్కు విడిగా ఊరి చివర లేదు, మామూలు ఠాణా లోపలే ఉంది. హైదరాబాద్‌లో 2014లో వచ్చిన షీ టీమ్స్, 2016లో వచ్చిన భరోసా కేంద్రం కూడా వేరే ఠాణాలు కావు. మఫ్టీలో తిరిగే బృందాలు, వైద్యం, న్యాయసలహా, వాంగ్మూలం ఒకే చోట అందే కేంద్రం ఉన్న పోలీసు వ్యవస్థకే జతపడ్డాయి. పాకిస్థాన్ పంజాబ్ కూడా మహిళలకు హింస నుంచి రక్షణ కోసం 2016లో తెచ్చిన సొంత చట్టం కింద 2017లో ముల్తాన్‌లో దాదాపు ఇటువంటి కేంద్రాన్నే తెరిచింది.

ఇక్కడ పత్రికలు తరచూ చేసే ఒక తప్పు చెప్పుకోవాలి. నమోదైన కేసులు పెరగగానే నేరాలు పెరిగాయని శీర్షిక పెడతారు. పై ప్రయోగంలో పెరిగింది నేరం కాదు, రాసుకోవడం. ఆ శీర్షికకు భయపడే జిల్లా అధికారి తర్వాతి ఏడాది అంకెలు తగ్గించమని కింది వారిని ఒత్తిడి చేస్తే, నష్టపోయేది మళ్లీ ఫిర్యాదుదారే.

ఫోను అవతలి గొంతు

2024 ఏప్రిల్‌లో పంజాబ్ ప్రభుత్వం లాహోర్‌లో వర్చువల్ మహిళా పోలీసు ఠాణాను ప్రారంభించింది. 15కు ఫోన్ చేసి 2 నొక్కితే అవతల మహిళా పోలీసు పలుకుతుంది, ఫిర్యాదు రాసుకుంటుంది, సంబంధిత ఠాణాకు పంపుతుంది, తర్వాత ఏమైందో కనుక్కుంటుంది. గడప దాటలేని మహిళకు ఇది నిజమైన వెసులుబాటు. బస్సు ఎక్కాల్సిన పనీ, ముహర్రిర్ ముందు నిలబడాల్సిన పనీ మొదటి అంచెలో తప్పుతాయి. సొంత ఫోను లేని, ఉన్నా అది భర్త చేతిలో ఉండే ఇళ్లకు ఈ వెసులుబాటు చేరదు. ఫోన్ యాజమాన్యంలో స్త్రీ పురుషుల మధ్య అంతరం ఎక్కువగా ఉన్న దేశాల్లో పాకిస్థాన్ ఒకటి.

రెండో అంచె మాత్రం పాతదే. ఫోనులో రాసుకున్న ఫిర్యాదు స్థానిక ఠాణాకే చేరుతుంది, దర్యాప్తు అధికారి అక్కడి నుంచే వస్తాడు. కాల్ సెంటర్‌లో మహిళలను నియమించడానికి కొన్ని నెలలు చాలు. ఆ ఫిర్యాదు మీద ఇంటికి వచ్చి వాంగ్మూలం రాసుకునే మహిళా ఎస్‌ఐ తయారు కావాలంటే, కానిస్టేబుల్‌గా చేరిన యువతి జాబితాలు, కోర్సులు దాటి రావడానికి సాధారణంగా దశాబ్దం పైనే పడుతుంది. ఆ పదేళ్లూ ఆమెకు సోదా డ్యూటీ ఇస్తారా, కేసు ఫైలు ఇస్తారా అన్నది ప్రతి ఠాణాలో ఎస్‌హెచ్‌ఓ రోజూ రాసే డ్యూటీ పట్టీలో తేలుతుంది.